పీపాకు మూడు రోజుల ఆయుష్షు

2025 జనవరిలో, ఇంగ్లండ్‌లో ఒకప్పుడు నేను పనిచేసిన పబ్బు చివరి రాత్రి, కౌంటర్ దగ్గర నా పక్కన నిలబడిన పెద్దాయన ఒక మాట అన్నాడు. "ఒకప్పుడు ఈ వీధి నిండా తాగేవాళ్లే. తర్వాత మీవాళ్లు వచ్చారు. మీవాళ్లు తాగరు. ఇక పబ్బు ఎలా నడుస్తుంది?" మీవాళ్లంటే మన భారతీయులు. కోపంతో అనలేదు. వానలు లేక పంట పోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆయన నాకు పదిహేడేళ్లుగా తెలుసు. చావు జరిగిన ఇంట్లో వాదన పెట్టుకోకూడదు కాబట్టి ఆ రాత్రి ఊరుకున్నాను. కానీ ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. ఆ పబ్బు ఎందుకు పోయిందో దాని నేలమాళిగలో పనిచేసినవాడిగా, దాని లెక్కలు రాసినవాడిగా నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి 2007 సెప్టెంబరులో ఎంఎస్‌సీ చదవడానికి వుల్వర్‌హాంప్టన్ వచ్చాను. విద్యార్థి వీసా మీద వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. ఆ ఇరవై గంటలు నాకు డడ్లీ దగ్గర ఒక వీధి మూలనున్న పబ్బులో దొరికాయి. ఆ పబ్బు పేరు ఇక్కడ రాయను. యజమాని కుటుంబం ఇంకా ఆ వీధిలోనే ఉంటోంది. బర్మింగ్‌హామ్‌కు పడమటి వైపున్న ఈ ప్రాంతాన్ని బ్లాక్ కంట్రీ అంటారు. బొగ్గు, ఇనుము, గొలుసులు, మేకులు చేసి బతికిన నేల ఇది. టైటానిక్ ఓడ పెద్ద లంగరు తయారైంది ఇక్కడి నెదర్టన్‌లోనే. ఇక్కడ యజమానిని 'గాఫర్' అంటారు. నేనూ ఆయన్ని చివరిదాకా అలాగే పిలిచాను.

గాఫర్ మొదటి వారం నన్ను కౌంటర్ దగ్గరికి రానివ్వలేదు. కిందికి తీసుకెళ్లాడు. ఇటుక మెట్లు దిగితే చల్లని, తడి వాసన వేసే నేలమాళిగ. ఎండాకాలమైనా చలికాలమైనా అక్కడ పన్నెండు డిగ్రీలే. చెక్క దిమ్మెల మీద పీపాలు పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్కో పీపాలో తొమ్మిది గ్యాలన్లు, అంటే డెబ్బై రెండు పింట్‌లు. పింట్ అంటే అరలీటరు దాటే పెద్ద గ్లాసు. పీపా పైభాగాన గుండ్రటి చెక్క బిరడా ఉంటుంది. గాఫర్ దానిలోకి సన్నటి పుల్లను చిన్న సుత్తితో దించాడు. సుయ్యిమని గాలి బయటికి తన్నింది. పుల్ల చుట్టూ గోధుమరంగు నురగ పొంగింది. ఆయన గుడ్డతో తుడిచాడు. మళ్లీ పొంగింది, మళ్లీ తుడిచాడు. "లోపల ఇంకా పని జరుగుతోంది. అది నెమ్మదించేదాకా తొందరపడకు అబ్బాయ్" అన్నాడు. మర్నాడు నురగ తగ్గాక ఆ పుల్ల తీసి గట్టి చెక్కది బిగించాడు. పీపా ముందువైపు కుళాయిని ఒక్కటే దెబ్బతో దిగ్గొట్టాడు. రెండో దెబ్బ వేయాల్సి వస్తే బీరు ముఖాన కొడుతుందట. గ్లాసులోకి కొద్దిగా వంచి, దీపానికి ఎత్తి చూపించాడు. మడ్డి అంతా అడుగుకు దిగి, రాగి చెంబు లోపలి రంగులో తేటగా మెరుస్తోంది.

అది చూస్తుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు. మా తాత గీత పని చేసేవాడు. మోకు, ముస్తాదు వేసుకుని చీకటితోనే తాళ్లలోకి వెళ్లేవాడు. తెల్లవారి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. మర్నాటికి ఎవరూ నోట పెట్టరు. ఎంత కల్లు దిగితే అంతమంది మండువకు రావాలి, రాకపోతే పారబోయాలి. గాఫర్ చెప్పింది కూడా అదే. పీపాలోని ఏల్ ప్రాణమున్న బీరు. దానిలో ఈస్టు ఇంకా బతికే ఉంటుంది. ఒక్కసారి కుళాయి తిప్పి గాలి తగిలిందంటే మూడు రోజులు, మహా అయితే ఇంకొక రోజు. ఆ తర్వాత పులుపు ఎక్కుతుంది. డెబ్బై రెండు పింట్‌లు మూడు రోజుల్లో అమ్మాలంటే రోజుకు ఇరవై నాలుగు. వారాంతం అందరికీ అమ్ముడుపోతుంది. పబ్బు బతుకు తేలేది మంగళవారం మధ్యాహ్నం. ఆ రోజు ఇరవై నలుగురు తలుపు తోసుకుని వస్తారా, రారా?

నేను చేరిన కొత్తలో వచ్చేవారు. కౌంటర్ మీద మూడు చేతిపంపులు ఉండేవి. ఒకటి మైల్డ్, ఒకటి కాస్త చేదుగా ఉండే బిట్టర్, మూడోది వారానికొకటి మారేది. మైల్డ్ అంటే నల్లగా, కాస్త తీపిగా, మత్తు తక్కువగా ఉండే బీరు. కొలిమి ముందు ఎనిమిది గంటలు చెమటోడ్చినవాడు దాహం తీర్చుకోవడానికి తాగే బీరు. మంగళవారం ఒంటిగంటకల్లా నలుగురు పెద్దవాళ్లు కిటికీ పక్కన చుక్కల పలకలతో ఆడే డామినోలు పరిచేవారు. చీజ్, ఉల్లిపాయ పెట్టిన గుండ్రటి రొట్టెలు గాజు పెట్టె కింద ఉండేవి. వాళ్లలో ఇద్దరు బ్రియర్లీ హిల్‌లోని రౌండ్ ఓక్ ఉక్కు కర్మాగారంలో పనిచేసినవాళ్లు. అది 1982 డిసెంబరులో మూతపడింది. దాని పక్కనున్న నేల మీద ఇప్పుడు మెరీ హిల్ అనే పెద్ద షాపింగ్ సెంటర్ ఉంది. షిఫ్టు దిగి నేరుగా పబ్బుకు వచ్చే మనుషులు ఆ నాటితోనే ఆగిపోయారు. నేను చూసింది మిగిలినవాళ్లను. మైల్డ్ తాగేవాళ్లు వేరే బీరుకు మారలేదు. ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. పీపా ఖాళీ కావడానికి మొదట్లో ఒకటిన్నర రోజు పట్టేది. తర్వాత మూడు రోజులైంది. తర్వాత మూడు రోజులకూ సగం మిగిలిపోయేది. పులిసిన బీరు అమ్మడం గాఫర్ చేతకాని పని. పారబోసేవాడు. 2016లో మైల్డ్ పంపు తీసేశాడు. దానికోసమే వచ్చే ఇద్దరు ముగ్గురు కూడా ఆ తర్వాత రావడం మానేశారు.

పబ్బుల గురించి మాట వస్తే చాలామంది మొదట చెప్పేది లోపల పొగతాగడంపై నిషేధం. నేను రావడానికి రెండు నెలల ముందు, 2007 జులై 1న ఇంగ్లండ్‌లో అది అమల్లోకి వచ్చింది. ఆ చట్టం మంచిదే. కౌంటర్ వెనక పనిచేసేవాడికీ ఊపిరితిత్తులు ఉంటాయి. పెరడున్న పబ్బులు బల్లలు వేసి, గొడుగులు పెట్టి గట్టెక్కాయి. మా పబ్బుకు పెరడు లేదు. వానలో పేవ్‌మెంట్ మీద నిలబడి ఒక సిగరెట్టు, మళ్లీ లోపలికి, మళ్లీ బయటికి. అలా తిరిగి తిరిగి విసిగి కొందరు ఇంట్లోనే కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఇంట్లో కూర్చున్నవాడికి సూపర్‌మార్కెట్ ఉంది. పబ్బులో ఒక పింట్‌కు పెట్టే డబ్బుతో అక్కడ నాలుగు డబ్బాలు వస్తాయి. డబ్బాకు మూడు రోజుల గడువు లేదు, అది నెలల తరబడి అలమారలో ఉంటుంది. మా ఊళ్లో బెల్టు షాపులు వచ్చాక మండువ దగ్గర జరిగింది కూడా ఇదే. ప్రాణమున్న పానీయం సీసాతో పోటీ పడలేదు. యువకులు తాగడం తగ్గించారని కూడా అంటారు. అది నిజమే, దానికి నేను బాధపడను.

ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. నేను చెప్పాల్సింది లెక్కల పుస్తకంలో ఉంది.

చదువయ్యాక నాకు అకౌంటెంట్‌గా ఉద్యోగం వచ్చింది. 2012 నుంచి ఆదివారాలు గాఫర్ లెక్కలు చూసేవాణ్ణి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మధ్యాహ్నం భోజనం మాత్రం అక్కడే, వాళ్లింటి మనిషిలా. ఆ పుస్తకాలు తెరిచిన మొదటి రోజే ఒక అంకె నన్ను ఆపేసింది. పక్క ఊళ్లో సొంత పబ్బు ఉన్నతను కొనే పీపాకూ, బీరు కాచే అదే బ్రూవరీ నుంచి వచ్చిన అదే పీపాకు గాఫర్ కట్టే ధరకూ ఎంతో తేడా ఉంది. గాఫర్‌దే ఎక్కువ. ఎందుకని అడిగాను. "నాది టై కదా" అన్నాడు.

టై అంటే కట్టివేత. పబ్బు భవనం ఒక కంపెనీది. నడిపేవాడు కౌలుదారు. అద్దె కడతాడు, పైగా బీరు ఆ కంపెనీ దగ్గరే, అది చెప్పిన ధరకే కొనాలి. బయట కొంటే లీజు పోతుంది. ఆ పెంచిన ధరను ఇక్కడి వాళ్లు 'తడి అద్దె' అంటారు. గోడలకు కట్టేది పొడి అద్దె, బీరు మీద కట్టేది తడి అద్దె. ఈ పద్ధతి పాతదే, అయితే ఒకప్పుడు ఆ భవనాలు బ్రూవరీల చేతిలో ఉండేవి. బీరు కాచేవాడికి బీరు అమ్ముడుపోవడం అవసరం కాబట్టి పబ్బు బతకడం కూడా అవసరమే. కొద్దిమంది పెద్ద బ్రూవర్ల గుత్తాధిపత్యం పెరిగిందని 1989లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. రెండు వేలకు మించి పబ్బులున్న బ్రూవర్ ఆ పైనున్న వాటిలో సగాన్ని వదులుకోవాలి, లేదా కట్టు విప్పాలి. ఉద్దేశం మంచిది. కానీ ఆ పరిమితి బీరు కాచేవాళ్లకే. బీరు కాచని కంపెనీలకు ఏ హద్దూ లేదు. బ్రూవరీలు అమ్మేసిన పబ్బులను అలాంటి కంపెనీలు అప్పులు తెచ్చి గుత్తగా కొన్నాయి. 2000 తర్వాత కొన్నేళ్లకల్లా రెండు కంపెనీల చేతిలోనే, ఒక్కోదాని దగ్గర ఏడు వేలకు పైగా పబ్బులు పోగుపడ్డాయి. ఆ అప్పుల వడ్డీ ఎక్కడి నుంచి రావాలి? గాఫర్ లాంటివాళ్ల తడి అద్దె, పొడి అద్దె నుంచే రావాలి. 2016లో పబ్స్ కోడ్ అనే నియమావళి వచ్చింది. అయిదు వందలు, అంతకు మించి కట్టు పబ్బులున్న కంపెనీల కౌలుదారు కట్టు వద్దని, మార్కెట్ అద్దె మాత్రమే కడతానని అడగవచ్చు. గాఫర్ అడుగుదామనుకున్నాడు. అద్దె అంచనా, వకీలు ఖర్చు, నెలల తరబడి ఉత్తరాలు చూసి వెనక్కి తగ్గాడు. నేను ఇంకాస్త పట్టుబట్టి ఉండాల్సింది.

ఇక పన్నులు. అయిదు పౌండ్ల పింట్‌లో ఎనభై మూడు పెన్సులు వ్యాట్. నలభై పెన్సులకు పైగా బీరు సుంకం. ఆ సుంకాన్ని 2008 నుంచి 2013 వరకు ఏటా ద్రవ్యోల్బణం కన్నా కనీసం రెండు శాతం ఎక్కువగా పెంచుకుంటూ పోయారు. నేను పంపు లాగుతున్న రోజుల్లోనే ప్రతి బడ్జెట్ తర్వాతా ధరల పలక తుడిచి మళ్లీ రాసేవాళ్లం. తర్వాత స్థానిక పన్ను. మామూలు దుకాణానికి దాన్ని నేల వైశాల్యాన్ని బట్టి కడతారు. పబ్బుకు మాత్రం ఎంత వ్యాపారం చేయగలదన్న అంచనాను బట్టి. బాగా నడిపితే పన్నూ పెరుగుతుంది. మిగిలిన దానిలోంచే పీపా ఖరీదు, రెండు అద్దెలు, జీతాలు, గ్యాసు, కరెంటు, పాడైన పైపు. అన్నీ పోగా ఒక పింట్ మీద ఆయనకు పది పెన్సులు కూడా నిలవని సంవత్సరాలు నా చేత్తో రాశాను. పొద్దున తొమ్మిదికి నేలమాళిగలోకి దిగి రాత్రి పన్నెండుకు తలుపు వేసే మనిషికి గంటకు ఎంత పడిందో ఒకసారి లెక్క కట్టాను. ఆయనకు చూపించలేకపోయాను.

2020 మార్చి 20, శుక్రవారం. ఆ సాయంత్రం నుంచే దేశంలోని పబ్బులన్నీ మూసేయమని ప్రధాని ప్రకటించాడు. వారాంతం కోసం గాఫర్ అంతకు ముందురోజే అయిదు పీపాలకు కుళాయిలు దించి ఉన్నాడు. కొన్ని రోజుల తర్వాత ఫోను చేశాడు. వెళ్లాను. ఇద్దరం మాస్కులు కట్టుకుని దూరం దూరంగా నిలబడి ఒక్కో పీపాను నేలమాళిగ కాలువలోకి వంచాం. మూడు వందల పింట్‌లకు పైనే. తేటగా, చక్కగా దిగిన బీరు. నురగ కాలువ అంచుల దాకా లేచి మెల్లగా చప్పబడింది. చివరి పీపా వంచేముందు ఆయన ఒక గ్లాసు పట్టుకుని దీపానికి ఎత్తి చూశాడు, నాకు మొదటి వారం చూపించినట్టే. తాగలేదు. అదీ పోసేశాడు.

ప్రభుత్వం ఇచ్చిన సాయంతో, కొంత అప్పుతో ఆ గండం దాటాడు. 2022లో కరెంటు బిల్లు వచ్చింది. ఇళ్లకు ధరల పరిమితి ఉంది, వ్యాపారాలకు అది లేదు. చల్లటి నేలమాళిగ, వెచ్చటి గది, రెండూ ఉండాల్సిన చోటు పబ్బు. రెంటిలో ఏది ఆపినా పబ్బు ఉండదు. 2024 అక్టోబరు బడ్జెట్‌లో ఉద్యోగుల తరఫున యజమాని కట్టే జాతీయ బీమాను 13.8 శాతం నుంచి 15 శాతానికి పెంచుతున్నట్టు ప్రకటించారు, 2025 ఏప్రిల్ నుంచి. అది మొదలయ్యే జీతం పరిమితి 9,100 పౌండ్ల నుంచి 5,000కు దించుతామన్నారు. ఆయన దగ్గర పనిచేసేది వారానికి కొన్ని గంటలు వచ్చేవాళ్లు. అంతవరకు వాళ్ల జీతాలు ఆ పరిమితి లోపే ఉండేవి. అదే బడ్జెట్‌లో పంపు పింట్ మీద సుంకం ఒక పెన్నీ తగ్గింది. గాఫర్ పేపరు మడిచి కౌంటర్ కింద పెట్టాడు. ఆ వారమే లీజు మళ్లీ రాయబోనని కంపెనీకి ఉత్తరం రాయించాడు, నా చేతే. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు.

2000 నాటికి ఈ దేశంలో దాదాపు అరవై వేల పబ్బులు ఉండేవి. ఇప్పుడు నలభై అయిదు వేల దగ్గరికి వచ్చాయి. ఇన్ని పోయినా ఊరంతా కదిలింది మాత్రం 2023లో ఒక్క దానికోసం చూశాను. మాకు దగ్గర్లోనే, హిమ్లీలో క్రుకెడ్ హౌస్ అనే పబ్బు ఉండేది. కింద బొగ్గు తవ్వకాలకు నేల కుంగి భవనమంతా ఒక పక్కకు ఒరిగింది. లోపల బల్ల మీద గోళీ పెడితే ఎత్తువైపు దొర్లుతున్నట్టు కనిపించేది. ఆ జులైలో అమ్ముడుపోయింది. ఆగస్టు 5 రాత్రి తగలబడింది. రెండు రోజులకే పొక్లెయినుతో కూల్చేశారు. ఆ వారాంతం గాఫర్‌తో కలిసి వెళ్లాను. ఇటుకల గుట్ట చుట్టూ జనం. తిరిగి కట్టాలని మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కౌన్సిల్ నోటీసు ఇచ్చింది. ఒరిగిన గోడలకు అంత పేరుంది కాబట్టి అడిగేవాళ్లు ఉన్నారు. మా మూల పబ్బు గోడలు నిటారుగానే ఉన్నాయి.

మేమూ ప్రయత్నించాం. 2011 చట్టం ప్రకారం ఒక భవనాన్ని ఊరి ఆస్తిగా నమోదు చేయిస్తే, అమ్మకానికి పెట్టినప్పుడు కొనడానికి ఊరివాళ్లకు ఆరు నెలల గడువు దొరుకుతుంది. లండన్‌లోని నన్‌హెడ్‌లో ఐవీ హౌస్ అనే పబ్బును 2013లో అక్కడివాళ్లు అలాగే కొనుక్కున్నారు. మా వీధిలో అంత డబ్బు లేదు. చందాల కాగితం మీద అయిదు పౌండ్లు రాసినవాళ్ల పేర్లే ఎక్కువ. కొద్ది వారాల తర్వాత దీపస్తంభానికి ఫ్లాట్ల అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు కాగితం అంటించారు. స్థలానికి వచ్చే ధర, లోపల ఎన్ని పింట్‌లు పోసినా రాదు. అసలు కారణం అదేనని నా నమ్మకం.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటకు వస్తాను. మీవాళ్లు తాగరన్నాడు. ఈ బ్లాక్ కంట్రీ లోహపు పోత కర్మాగారాల్లో 1950లలో, 1960లలో పనికి వచ్చిన పంజాబీలు ఇంగ్లిషువాళ్ల పక్కనే అదే చెమట కార్చారు. షిఫ్టు దిగి పబ్బుకు వెళ్తే లోపలి గదిలోకి రానిచ్చేవారు కాదు. స్మెథిక్‌లో బ్లూ గేట్స్ అనే పబ్బు ఉండేది. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కమ్ ఎక్స్ భారతీయ కార్మిక సంఘం వాళ్లతో కలిసి అక్కడికి వెళ్తే ఆ గదిలో ఆయనకూ ఏమీ పోయలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులకే ఆయన్ని అమెరికాలో చంపేశారు. ఆ ఏడాది నవంబరులో వచ్చిన చట్టం పబ్బుల్లో అలా వేరు చేయడాన్ని నిషేధించింది. తర్వాత కాలంలో మూతపడబోయే పబ్బులను ఆ పంజాబీల పిల్లలే తీసుకున్నారు. వెస్ట్ బ్రామిచ్‌లో, స్మెథిక్‌లో, హ్యాండ్స్‌వర్త్‌లో ఇప్పుడు రాత్రిపూట వెలుగుతున్న పబ్బుల్లో ఎన్నో వాళ్లవే. పేర్లు మార్చలేదు. డామినోలు తీయలేదు. వెనక బొగ్గుల మీద చికెన్, మాంసం కాల్చడం మొదలుపెట్టారు. వెస్ట్ బ్రామిచ్ రెడ్ లయన్‌లో పంజాబీల వలస కథ చెప్పే రంగు గాజు కిటికీ ఉంది. చర్చి కిటికీలా సాయంత్రపు వెలుగు దానిలోంచి బల్లల మీద పడుతుంది.

పబ్బు పోయాక ఆ పెద్దాయన మంగళవారాలు ఏం చేస్తున్నాడో నాకు ఏప్రిల్‌లో తెలిసింది. సూపర్‌మార్కెట్ ముందు బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. పక్కన సంచి, దానిలో రెండు డబ్బాలు. "ఇంటికి వెళ్లలేదా" అంటే "వెళ్లి ఏం చేయాలి" అన్నాడు. మరుసటి మంగళవారం సెలవు పెట్టి కారులో ఎక్కించుకుని వెస్ట్ బ్రామిచ్ తీసుకెళ్లాను. దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు. లోపలికి వెళ్లాక మైల్డ్ ఉందా అని అడిగాడు. లేదు. బిట్టర్ తీసుకున్నాడు. ఇనుప పళ్లెంలో చిటపటలాడుతూ వచ్చిన మాంసం ముక్కను ఫోర్కుతో కాసేపు తిప్పి, చివరికి చేత్తో తీసుకున్నాడు. తర్వాత కోటు జేబులోంచి చెక్క పెట్టె తీసి డామినోలు బల్ల మీద పోశాడు. పబ్బు మూసేరోజు గాఫర్ ఆయనకిచ్చిన పెట్టె అది. ఆయన ఆడే 'అయిదులూ మూడులూ' ఆట నాకు సరిగా రాదు, ఇద్దరితో అది అంత రక్తికట్టదు కూడా. పక్క బల్ల దగ్గర తలపాగా కట్టుకున్న ఇద్దరు వృద్ధులు మా వైపే చూస్తున్నారు. వాళ్లలో ఒకాయన కుర్చీ జరుపుకుంటూ "అయిదులూ మూడులేనా?" అని అడిగాడు.

పెద్దాయన తలూపి, పలకలన్నీ బోర్లించి రెండు చేతులతో కలపడం మొదలుపెట్టాడు.